వయసు మీదికి నెట్టేముందు మాత్రల సంచీ విప్పండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రిక లోపలి పేజీలో ఒక మూల 'కనబడుటలేదు' అని చిన్న ప్రకటన పడింది. ఒక పెద్దావిడ ఫొటో. నేత చీర, తెలుగు తప్ప వేరే భాష రాదు, చెన్నై సెంట్రల్ దగ్గర తప్పిపోయింది. కింద ఎప్పుడూ వేసే వాక్యమే వేశారు: 'మతిస్థిమితం సరిగా లేదు'. షాపు షట్టరు సగం ఎత్తి, టీ గ్లాసు పట్టుకుని చదువుతున్నవాణ్ణి అక్కడే ఆగిపోయాను. ఏడాదిన్నర కిందట మా అమ్మ మతిమరుపుతో దారి తప్పినప్పుడు ఆ ప్రకటన నేనే ఇవ్వాల్సింది, కొద్దిలో తప్పింది.

విల్లివాక్కంలో మందుల షాపు నడుపుతున్నాను. డి.ఫార్మసీ చదివి ఈ ఊరొచ్చి 31 ఏళ్లయింది. ఐసీఎఫ్ అనే రైలుపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన తెలుగువాళ్లు మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. వాళ్ల చీటీలన్నీ నా చేతిమీదుగానే పోతాయి. ఎవరికి షుగరెంతో, ఎవరు బీపీ మాత్ర మానేశారో వాళ్ల పిల్లలకంటే నాకే ముందు తెలుస్తుంది. ఇదంతా గొప్పకి చెప్పడం లేదు. ఎందుకు చెబుతున్నానో కింద మీకే తెలుస్తుంది.

మాది వెంకటగిరి. నాన్న మగ్గం నేసేవాడు, అమ్మ ఆసు పోసేది, కండెలు చుట్టేది. నాన్న పోయాక, నాలుగేళ్ల కిందట, అమ్మను ఇక్కడికి తెచ్చుకున్నాం. ఇప్పుడామెకి 78. మొదట్లో బాగానే ఉంది. తర్వాత ఒక్కొక్కటే మొదలైంది. పొయ్యిమీద పాలు పెట్టి మరిచిపోవడం, అది నేనూ చేస్తాను. ఒకే మాట పూటలో నాలుగుసార్లు అడగడం. తిని చెయ్యి కడుక్కున్న గంటకే "ఇంకా అన్నం పెట్టలేదేందమ్మా" అని నా భార్యను అడగడం, అదీ పక్కింటివాళ్లు ఉన్నప్పుడు. ఒకరోజు పప్పుకి తాలింపు వేయబోయి, నూనె కాగుతుంటే తర్వాత ఏం చెయ్యాలో తోచక గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అరవై ఏళ్లు తాలింపు వేసిన చెయ్యి అది. నాకు కడుపులో ఏదో అయింది. అయినా నేనన్నది ఒకటే మాట, "వయసు కదా". మా అక్క ఫోన్లో "చాదస్తంరా, మన నాయనమ్మకీ ఉండె గదా" అంది.

తర్వాత ఒక సాయంత్రం కరివేపాకుకని కిందికి దిగి రెండు గంటలైనా రాలేదు. రైల్వే స్టేషన్ వైపు ఒక ఆటో అతను చూసి, ఆమె మెడలోని మందుల షాపు తాళాల గుత్తిమీద మా షాపు పేరు చదివి తీసుకొచ్చాడు. ఆ తాళాలు నేను పొద్దున్నుంచీ వెతుకుతున్నవే. ఆయనకి చేతులెత్తి దండం పెట్టాను.

మన దేశంలో 60 దాటినవాళ్లలో నూటికి 7.4 మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం లెక్కగట్టింది. పెద్ద సంఖ్యే. కానీ దాన్ని తిప్పి చూడండి. మిగతా తొంభైరెండు మందికీ వయసు రాలేదా? డిమెన్షియాలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే ఆల్జీమర్స్ అనే రకాన్ని ఆల్జీమర్ అనే జర్మన్ డాక్టరు తొలిసారి గుర్తించిన రోగి వయసు, 1901లో ఆమెను ఆస్పత్రిలో చేర్చేనాటికి, 51. వయసు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది, నిజమే. అయితే 'వయసు కదా' అనేది జబ్బు పేరు కాదు. డాక్టరు దగ్గరికి వెళ్లకుండా ఉండటానికి మనం చెప్పుకునే సాకు.

సరే, వెళ్లాం. ఎక్కడికన్నది రాయను. పేరున్న క్లినిక్కే. ఒక కుర్రవాడు కాగితం పెట్టుకుని అమ్మను అరవంలో ప్రశ్నలడిగాడు. ఇది ఏ నెల? నేను తెలుగులో చెప్పాను. అమ్మ "శ్రావణం" అంది. ఆగస్టు మొదటి వారం అది. వాళ్ల లెక్కలో ఆడి మాసం. అతను తప్పు వేశాడు. అరవంవాళ్లది సౌరమానం, మనది చాంద్రమానం, మన అమావాస్య దాటి శ్రావణం వచ్చేసింది, వాళ్ల ఆడి ఇంకా పోలేదు. అమ్మ చెప్పిందే ఒప్పు. ఇది ఎన్నో అంతస్తు అన్నాడు. ఆమె లిఫ్టులో వచ్చింది, జీవితంలో మేడల లెక్క పెట్టినామె కాదు. వందలోంచి ఏడు, మళ్లీ ఏడు తీసేస్తూ పొమ్మన్నాడు. ఆమె నా మొహం చూసింది. కాగితం మీద మార్కులు చాలా తక్కువ వచ్చాయి. మతిమరుపుకి డోనెపెజిల్ అనే మాత్ర రాసిచ్చారు. రక్తపరీక్ష లేదు, చెవి చూడలేదు, ఇంకేం మందులు వాడుతోందని అడగలేదు. నేనూ చెప్పలేదు. మా షాపు అలమారాలోంచే ఆ మాత్ర తీసి వేశాను.

మూడు నెలలు గడిచినా మార్పు లేదు. పైగా పగలంతా మగత. అప్పుడు మా కస్టమరొకాయన చెబితే పెద్దవాళ్లకే ప్రత్యేకంగా చూసే ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె కూర్చోగానే అడిగిన మొదటి మాట: "ఇంట్లో ఉన్న మాత్రలన్నీ సంచీలో వేసి తెచ్చారా?" తేలేదు. మందులు అమ్ముకునేవాణ్ణి, తేలేదు. ఇంటికెళ్లి తెమ్మంది.

సంచీ బల్లమీద కుమ్మరిస్తే తొమ్మిది రకాలు. రాత్రి నాలుగుసార్లు ఒంటేలుకి లేస్తోందని ఒకరు రాసిన ఆక్సిబ్యుటినిన్. నిద్ర పట్టడం లేదని ఊళ్లో డాక్టరు ఎప్పుడో రాస్తే ఆరేళ్లుగా ఆగకుండా మింగుతున్న అల్‌ప్రజోలం. ముక్కు కారితే ఒకటి, కారకపోయినా ఒకటి అన్నట్టు నేనే ఇస్తూ వచ్చిన జలుబు మాత్రలు, వాటిలో క్లోర్‌ఫెనిరమిన్. పన్నెండేళ్లుగా షుగరుకి మెట్‌ఫార్మిన్. పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర. అన్నీ నా షాపువే.

డాక్టరమ్మ చెప్పింది విని నాకు నోట మాట రాలేదు. చదువుకున్నదే, పరీక్షలో రాసిందే. జ్ఞాపకం పట్టుకోవడానికి మెదడుకి అసిటైల్‌కొలిన్ అనే రసాయనం కావాలి. డోనెపెజిల్ చేసే పని ఆ రసాయనం త్వరగా ఖర్చైపోకుండా కాపాడటం. ఆక్సిబ్యుటినిన్, క్లోర్‌ఫెనిరమిన్ దాని పనికే అడ్డం పడతాయి. ఒక చేత్తో కుండలో నీళ్లు పోస్తూ ఇంకో చేత్తో కుండకి చిల్లి పొడిచినట్టు. పైన అల్‌ప్రజోలం మగత. పడుచువాళ్ల ఒళ్లు ఎలాగో తట్టుకుంటుంది, డెబ్బై దాటిన మెదడు తట్టుకోలేదు. ఊరందరి చీటీలూ చదివే నేను మా అమ్మ చీటీ చదవలేదు. అల్‌ప్రజోలం అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టర్లో రాయాలని 2014 నుంచి నిబంధన ఉంది. ఆ రిజిస్టర్లో అమ్మ పేరు నా చేతిరాతలోనే ఎన్నిసార్లుందో ఆ రాత్రి లెక్కపెట్టాను.

ఇది చదివి ఎవరూ ఇంట్లో పెద్దవాళ్ల మాత్రలు రేపే ఆపేయకండి. నిద్రమాత్ర ఒక్కసారిగా మానితే ఫిట్స్ కూడా రావచ్చు. మా అమ్మకి పావు పావు తగ్గిస్తూ దాదాపు మూడు నెలలు పట్టింది, డాక్టరు చెప్పిన లెక్క ప్రకారమే.

రక్తపరీక్షలో థైరాయిడ్ బాగుంది. విటమిన్ బి12 మాత్రం 118 వచ్చింది. 200 లోపుంటే లోటు కిందే లెక్క. ఎందుకు పడిపోయిందంటే కారణాలు మూడూ మా ఇంట్లోనే ఉన్నాయి. నాన్న పోయాక అమ్మ నీచు మానేసింది, ఆ విటమిన్ దొరికేది మాంసం, చేపలు, గుడ్లు, పాలలోనే. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకి అది ఒంటికి సరిగా పట్టదు. గ్యాస్ మాత్ర కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది కాబట్టి తిన్నదాంట్లోంచి విటమిన్ విడిపోవడం కూడా తగ్గుతుంది. నరాల మీది పూత నిలవడానికి బి12 కావాలి, అది లేక అరికాళ్లు తిమ్మిర్లని అమ్మ రెండేళ్లుగా మొత్తుకుంటూనే ఉంది. నేను పూసుకోవడానికి ఆయింట్‌మెంటు ఇచ్చాను.

ఇక చెవులు. ఒక చెవి నిండా గుబిలి, అది తీశారు. రెండో చెవికి మిషను పెట్టాల్సి వచ్చింది. "అమ్మకి చెప్పిన మాట గుర్తుండదు" అని మేము అనుకున్నవాటిలో సగం ఆమెకి అసలు వినపడనే లేదు. వినపడలేదని చెప్పుకోవడం నామోషీ, అందుకే తలూపేది. సరిగా వినపడని మాటను అర్థం చేసుకోవడానికే మెదడు ఓపికంతా అయిపోతే గుర్తుపెట్టుకోవడానికి ఇంకేం మిగులుతుంది? పైగా నలుగురిలో కూర్చోవడం మానేస్తారు. చెవి మిషను వాడినవాళ్లనీ వాడనివాళ్లనీ అమెరికాలో మూడేళ్లపాటు పోల్చి చూసిన ఒక పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. పాల్గొన్న వాళ్లందర్నీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. ముప్పు ఎక్కువగా ఉన్న పెద్దవాళ్లలో మాత్రం చెవి మిషను వాడినవాళ్లకి మెదడు చురుకు తగ్గడం 48 శాతం నెమ్మదించింది. కళ్లజోడు పెట్టుకోవడానికి సిగ్గుపడం గానీ చెవి మిషనంటే మనకి ఎందుకో పరువు తక్కువ.

రెండో పరీక్ష అక్కడి నర్సు చేసింది. సూళ్లూరుపేట అమ్మాయి, మన తెలుగే. వందలోంచి ఏడు అనకుండా, "అవ్వా, వంద నోటిచ్చి ఏడు రూపాయల కొత్తిమీర కొంటే చిల్లరెంత?" అంది. "తొంభైమూడు. ఏడు రూపాయలకి ఎవడిస్తాడే ఇక్కడ కొత్తిమీర!" అని అమ్మ. గదిలో అందరం నవ్వాం. మూడు వస్తువుల పేర్లు చెప్పి ఐదు నిమిషాల తర్వాత అడిగితే మాత్రం ఒకటే చెప్పగలిగింది. అది నిజమైన తప్పు, దాన్ని తప్పుగానే వేశారు.

కాబట్టి మా అమ్మకి జబ్బే లేదని నేననడం లేదు. ఆరు నెలలకి మగత పోయింది, అన్నం తిన్న సంగతి గుర్తుంటోంది, తాలింపు మళ్లీ తనే వేస్తోంది. కొత్త విషయాలు నిలవడం లేదు. మనవడి పెళ్లి తేదీ రోజూ అడుగుతుంది. స్కాన్ చూసి, ఆల్జీమర్స్ మొదటి దశ కావచ్చు, ఆరు నెలలకోసారి చూద్దాం అన్నారు. డోనెపెజిల్ ఇప్పుడూ వేస్తున్నాం. అది జబ్బును ఆపేది కాదు, కొందరికి కొంతకాలం లక్షణాలు కాస్త సర్దుతాయంతే. జబ్బు ఒక పాలు ఉంటే దానిమీద మేము మాత్రలతో, లోటుతో, చెవిటితనంతో మూడు పాళ్లు పేర్చాం. ఆ మూడూ దిగాయి.

షాపులో కూర్చుంటే ఇలాంటివి ఎన్నో కనిపిస్తాయి. రిటైరైన వెల్డరొకాయన ఒకే వారంలో మూడుసార్లు అదే బీపీ స్ట్రిప్పు కొన్నాడు. మూడోసారి ఇవ్వకుండా కొడుక్కి ఫోన్ చేస్తే, "మా నాన్నకి పిచ్చా?" అని నామీద ఎగిరాడు. నెల తర్వాత వాడే వచ్చాడనుకోండి. పక్క వీధి పెద్దమ్మ బాత్‌రూమ్‌లో జారిపడి తల గోడకి కొట్టుకుంది. చిన్న బొప్పి కట్టింది, తగ్గింది. మూడు వారాలకి మాట తడబడి, మనుషుల్ని పోల్చుకోలేకపోయింది. తలలో నెమ్మదిగా రక్తం చేరింది. గుండెకని, రక్తం గడ్డకట్టనివ్వని ఆస్పిరిన్ వాడుతోందామె. తలలో చేరిన ఆ రక్తం తీసేస్తే మళ్లీ మామూలు మనిషయింది. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ ఉన్నట్టుండి లేనివాళ్లతో మాట్లాడుతుంటే అది మతిమరుపు జబ్బే కాదు, మనవాళ్లు సంధి ప్రేలాపన అనేవారే, అది. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, ఏదైనా కావచ్చు. ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి, ఆదివారమైనా సరే.

పరీక్షల కాలం వస్తే జ్ఞాపకశక్తి సిరప్‌ల కోసం తల్లిదండ్రులు వస్తారు. చెప్పకూడదు గానీ వాటిమీద మాకు మార్జిన్ బాగా ఉంటుంది. పెద్దవాళ్లకి గింకో అనే చెట్టు ఆకులతో చేసే మాత్రలు కూడా అలాగే పోతాయి. 75 దాటిన మూడు వేల మందికి పైగా ఏళ్ల తరబడి గింకో ఇచ్చి చూసిన పరీక్ష ఫలితాలు 2008లోనే వచ్చాయి. డిమెన్షియా రాకుండా అది ఆపలేదు. అమ్మ సంగతి తర్వాత అవి తెప్పించడం మానేశాను. అడిగినవాళ్లు ఎదురు షాపుకి పోతున్నారు, పోనీ. అంబత్తూరు ఎస్టేట్‌లో షిఫ్టులు చేసే ముప్పై ఏళ్ల కుర్రాళ్లు కూడా మతిమరుపని వస్తారు. ఐదు గంటల నిద్ర, చేతిలో ఎప్పుడూ ఫోను, నెత్తిన లోను టెన్షన్. వాళ్లది మరిచిపోవడం కాదు, ధ్యాస పెట్టి వినకపోవడం. డబ్బాలో వేయని బియ్యం డబ్బాలో దొరకవు కదా.

రాకుండా చూసుకోవడం సంగతంటారా, లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల సంఘం 2024లో పద్నాలుగు కారణాలు చెప్పింది. వాటన్నిటినీ సరిచేసుకోగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాను రాకుండా ఆపడమో, వెనక్కి నెట్టడమో వీలవుతుందట. వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, బీపీ, షుగరు, చెడు కొలెస్టరాల్, పొగ, మందు, తలకి దెబ్బలు, ఒంటరితనం, గాలి కాలుష్యం వగైరా. అందులో నా బల్ల దగ్గర రోజూ చూసేది బీపీ. నలభైల్లో ఉన్నవాళ్లు రెండు నెలలు మాత్ర వాడి, "నార్మల్ వచ్చింది గదండీ" అని మానేస్తారు. మాత్ర వాడితేనే నార్మల్ వచ్చిందయ్యా అంటే నవ్వుతారు. మెదడులో సన్నటి రక్తనాళాలు ఏళ్ల తరబడి ఆ ఒత్తిడికి దెబ్బతింటూ, అక్కడక్కడా చిన్న చిన్న చోట్లకి రక్తం అందకుండా పోతుంటుంది. అది పైకి తెలియదు. డెబ్బైలో మరుపుగా బయటపడితే అప్పుడు మళ్లీ వయసు కదా అంటాం.

ఇక తలకి దెబ్బలంటారా, హెల్మెట్ గురించి ఈ ఊళ్లో కొత్తగా చెప్పేదేం లేదు.

భాష సంగతొకటి మన తెలుగువాళ్లకి చెప్పాలి. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం హైదరాబాదులో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి 2013లో వెల్లడించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకి ఒక్క భాషే వచ్చినవాళ్లకంటే జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువురాని వాళ్లలో కూడా. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకి ఇంట్లో తెలుగు మాన్పించే తల్లిదండ్రులు ఈ సంగతి ఆలోచించాలి. 78లో కొత్త భాష నేర్చుకుంటే ఎంత లాభమో గానీ, అమ్మ మాత్రం కూరల బండివాడితో "ఎవ్వళవు?" (ఎంత?) అని అరవంలో బేరం మొదలుపెట్టింది. అతను చెప్పిన ధర అర్థం కాక నాకు కేకేస్తుంది.

నేను అడిగేవి రెండే. ఒకటి, ఈ ఊరి ఆస్పత్రులను. ఇక్కడ తెలుగు తప్ప రాని పెద్దవాళ్లు పిల్లల వెంట వచ్చి బతుకుతున్నారు. వాళ్ల జ్ఞాపకాన్ని వాళ్ల భాషలో, వాళ్ల లెక్కల్లో పరీక్షించండి. కొడుకు దుబాసీగా ఉంటే చాలదు, కొడుకు సాయం చేసేస్తాడు, నేనూ రెండుసార్లు చేశాను. అన్నానగర్‌లోని స్కార్ఫ్ అనే మానసిక ఆరోగ్య సంస్థ డిమెన్షియా విషయంలో చాలాకాలంగా పనిచేస్తోంది. గిండీలో 2024 నుంచి పెద్దవాళ్ల కోసమే ప్రభుత్వ ఆస్పత్రి నడుస్తోంది. ఇలాంటి చోట్ల తెలుగు తెలిసిన మనిషి ఒకరుంటే ఎంత మేలో.

రెండోది మిమ్మల్ని. ఆ 'మతిస్థిమితం సరిగా లేదు' అనే మాట మార్చండి. మన ఊళ్లలో ఆ మాటకి పిచ్చి అనే అర్థం. పరువు పోతుందని ప్రకటన ఇవ్వడానికే రెండు రోజులు వెనకాడే ఇళ్లున్నాయి. చదివినవాళ్లు కూడా దగ్గరికి పోవడానికి జంకుతారు. 'మతిమరుపు జబ్బు ఉంది, పేరు పెట్టి పిలిస్తే పలుకుతుంది, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి ఈ నంబరుకి ఫోన్ చేయండి' అని వేస్తే మీకు రెండు లైన్లు ఎక్కువవుతాయి. ఆ డబ్బు తీసుకోండి, ఎవరూ కాదనరు. మా ఇంట్లో నా భార్య అమ్మ జాకెట్లన్నిటికీ లోపలి అంచున ఫోన్ నంబరు గుడ్డమీద రాసి కుట్టింది, తెలుగులోనూ అరవంలోనూ.

ఎవరైనా విల్లివాక్కం వైపు ఉంటే ఇంట్లో పెద్దవాళ్ల మాత్రలు సంచీలో వేసుకుని మధ్యాహ్నం పూట మా షాపుకి రండి, ఆ వేళ రద్దీ ఉండదు. కూర్చుని ఏది దేనికో కాగితం మీద రాసిస్తాను, ఆ కాగితం డాక్టరుకి చూపించుకోండి. డబ్బులేం తీసుకోను. షాపు పేరు మాత్రం ఇక్కడ రాయను, ప్రచారమనుకుంటారు. నా పేరు కూడా వేయవద్దని మనవి.

ఆదివారం ప్రకటనలో ఉన్న నంబరుకి రెండుసార్లు చేశాను, ఎత్తలేదు. ఆ పెద్దావిడ ఇల్లు చేరిందో లేదో మీకేమైనా తెలిస్తే, తప్పిపోయిందని వేసిన ఆ మూలలోనే అదీ ఒక్క లైను వేయండి.

ఇట్లు,
మందుల షాపు నడిపే ఒక పాఠకుడు,
విల్లివాక్కం, చెన్నై